మనిషిని క్రీస్తుకు ఆనించి రా

బాబూ,

వచ్చే నెల నీ ఆర్డినేషన్ అని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పల్నాడు వైపు ఒక పారిష్, దాని కింద కొన్ని పల్లెల సంఘాలు నీకు అప్పగిస్తున్నారట. మనసు నిండిపోయింది. చదువులో నువ్వు నాకంటే ముందున్నావు. గ్రీకు వచ్చు, హీబ్రూ వచ్చు. కాబట్టి నీకు పాఠం చెప్పడానికి రాయడం లేదు. సంఘాల మధ్య తిరిగి తల నెరిసిన పెదనాన్నగా ఒక్క హితవు చెప్పాలని కూర్చున్నాను. నువ్వు ఏ గడప తొక్కినా, ఏ పుల్పిట్ ఎక్కినా, తిరిగి వచ్చేటప్పుడు నిన్ను నువ్వు ఒకటే అడుగు: నేను వదిలి వచ్చిన మనిషి ఇప్పుడు దేనికి ఆనుకుని ఉన్నాడు? తన భక్తికా, తన మంచితనానికా, తన విశ్వాసం ఎంత గట్టిదో అన్న లెక్కకా, లేక క్రీస్తుకా? క్రీస్తుకు ఆనించి వచ్చావంటే నీ పని అయినట్టే. ఆనించలేదంటే, నీ ప్రసంగాన్ని ఊరంతా మెచ్చుకున్నా సరే, ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి.

ఆర్డినేషన్ నాడు సంఘం ముందు మోకరించి, పరిశుద్ధ గ్రంథం ప్రకారం, మన లూథరన్ సంఘపు విశ్వాస ఒప్పుకోలు ప్రకారం బోధిస్తానని మాట ఇస్తావు. ఆ మాట బరువు తెలిసి ఇవ్వు. ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలును పరీక్ష కోసం చదివి అటక మీద పెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. 1530 జూన్ 25న, ఆగ్స్‌బర్గ్ నగరంలో బిషప్ భవనంలో, చక్రవర్తి అయిదో చార్లెస్ ఎదుట దాన్ని చదివారు. చక్రవర్తి లాటిన్‌లో చదవమంటే, సాక్సనీ ప్రభువు పట్టుబట్టి జనం మాట్లాడే జర్మన్‌లో చదివించాడు. క్రిస్టియన్ బేయర్ అనే ఛాన్సలర్ సుమారు రెండు గంటలపాటు గొంతెత్తి చదివాడు. దాన్ని రాసింది లూథర్ సహచరుడు మెలాంక్‌తన్. లూథర్ అప్పుడు అక్కడ లేనే లేడు. చక్రవర్తి శాసనంతో వెలివేయబడ్డవాడు కాబట్టి కోబర్గ్ కోటలోనే ఆగిపోయాడు. కింద సంతకాలు పెట్టినవాళ్లు ప్రభువులు, రెండు నగరాల పెద్దలు. పదవి పోతే పోనీ, ప్రాణం పోతే పోనీ, మేము నమ్మేది ఇదీ అని పాస్టర్లు కానివాళ్లు ముందుకొచ్చి నిలబడ్డ కాగితం అది. అందుకే ఆ ఒప్పుకోలు నీ ఒక్కడి సొత్తు కాదు, నీ సంఘంలో కూలికి వెళ్లి వచ్చే ప్రతి మనిషి సొత్తు. వాళ్లది వాళ్లకు అందించడానికే నిన్ను పంపుతున్నారు.

అందులోని 28 ఆర్టికల్స్‌లో నాలుగోది, అయిదోది పక్కపక్కన పెట్టుకుని చదువు. మనిషి తన క్రియల వల్ల, తన అర్హత వల్ల దేవుని ఎదుట నీతిమంతుడు కాలేడని, క్రీస్తును బట్టి ఉచితంగా, విశ్వాసం ద్వారానే నీతిమంతుడిగా ఎంచబడతాడని నాలుగోది చెబుతుంది. ఆ విశ్వాసం మనిషిలో పుట్టడానికే దేవుడు వాక్య పరిచర్యను, సంస్కారాలను ఏర్పాటు చేశాడని వెంటనే అయిదోది చెబుతుంది. నీ ఉద్యోగం ఏమిటో ఆ వరుసలోనే ఉంది. నాలుగోది వదిలేస్తే జనానికి చెప్పడానికి నీ దగ్గర ఏమీ మిగలదు. అయిదోది వదిలేస్తే చెప్పేది వాళ్లకు చేరే దారి ఉండదు. ఇరవయ్యో ఆర్టికల్‌కు వచ్చేసరికి ఇంకో సంగతి కనిపిస్తుంది. ఈ బోధ విలువ అనుభవం లేనివాళ్లకు తెలియదని, భయంతో వణికిన మనస్సాక్షికే తెలుస్తుందని రాశారు. ఇది పండితుల చర్చ కోసం పుట్టిన సిద్ధాంతం కాదు బాబూ. చావు మంచం మీద ఉన్నవాడికి, చేసిన తప్పు రాత్రిళ్లు నిద్రపట్టనివ్వనివాడికి చెప్పడానికి పుట్టింది.

ఇక ధర్మశాస్త్రం, సువార్త సంగతి. సెమినరీలో దీని మీద నువ్వు పేజీలకు పేజీలు రాసి ఉంటావు. లూథరన్ వేదాంతి వాల్తర్ 1884, 85 సంవత్సరాల్లో సెయింట్ లూయిస్‌లో శుక్రవారం సాయంత్రాలు విద్యార్థులను కూర్చోబెట్టుకుని ఈ ఒక్క విషయం మీదే 25 సూత్రాలు వివరించాడు. అంతకాలం ఎందుకు చెప్పాడంటే, రెండింటికీ నిర్వచనం చెప్పడం తేలికే, ఎదురుగా ఉన్న మనిషికి ఏది ఎప్పుడు చెప్పాలో తెలుసుకోవడమే కష్టం. ఎముక విరిగిందని ఎక్స్‌రే చూపిస్తుంది, కట్టు మాత్రం అది కట్టదు. ధర్మశాస్త్రం పని అంతవరకే. కట్టు కట్టేది సువార్త. విరిగినవాడికి మళ్లీ మళ్లీ ఎక్స్‌రే తీసి చూపిస్తే వాడి ప్రాణం పోతుంది. విరిగిందని ఒప్పుకోనివాడికి కట్టు కడతానంటే విప్పి పారేస్తాడు.

నూటికి పది చొప్పున వడ్డీకి తిప్పుతూ, బాకీ తీర్చలేని విధవరాలి గేదెను తోలుకొచ్చి, ఆదివారం ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి ఏ సంఘంలోనైనా ఒకడు ఉంటాడు. ఆయనకు దేవుని ప్రేమ గురించి తియ్యగా చెబితే హాయిగా విని, సోమవారం ఇంకో గేదెను తోలుకొస్తాడు. అక్కడ నాతాను ప్రవక్త దావీదు రాజు పాపాన్ని ఎత్తిచూపడానికి వెళ్లినట్టు వెళ్లాలి. కానుక ఎక్కువ వేస్తాడు కదా అని నీళ్లు నమలకు. ఒంటరిగా కలిసి, మర్యాదగా, సూటిగా చెప్పు. అయితే నాతాను చేసిన రెండో పనీ మరిచిపోకు. దావీదు తలవంచి పాపం ఒప్పుకున్న మరుక్షణమే క్షమాపణ ప్రకటించాడు. కొన్నాళ్లు ఏడవనీ, బుద్ధి వచ్చిందో లేదో చూద్దాం అని ఆపలేదు. పశ్చాత్తాపపడ్డవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే అధికారం మనకెవరికీ ఇవ్వలేదు.

దీనికి ఎదురు పక్కన జరిగేది ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. నేను పాస్టరుగా ఉన్న ఒక పల్లెలో ఆరేళ్ల పిల్ల డెంగ్యూతో ఆసుపత్రిలో చనిపోయింది. సమాధి చేసిన కొన్నాళ్లకు ఆ ఇంటికి వెళ్లాను. తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల స్కూలు బ్యాగు. నన్ను చూసి లేవలేదు, ఏడవనూ లేదు. "అయ్యగారూ, నా విశ్వాసం చాలకే పిల్ల పోయిందంట, నిజమేనా?" అని అడిగింది. జ్వరం ఎక్కువైనప్పుడు బయటినుంచి ఎవరో ప్రార్థనకు వచ్చి, అనుమానం లేకుండా నమ్మితే పిల్ల లేస్తుందని చెప్పి వెళ్లాడట. పిల్ల పోయాక అడిగితే, నీ మనసులో ఎక్కడో అనుమానం ఉండి ఉంటుంది అన్నాడట. కడుపుకోతతో కూర్చున్న తల్లి మీద హత్యానేరం మోపి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. బైబిల్ తెరవలేదు. పిల్ల గురించి చెప్పమ్మా అన్నాను. బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి చూపించింది. అ నుంచి అః దాకా పెద్ద పెద్ద అక్షరాలు, మధ్యలో ఒక పేజీ నిండా గీసిన నెమలి. చాలాసేపు చెప్పింది. చెప్పి చెప్పి అప్పుడు ఏడ్చింది. తరవాత నేను మెల్లగా చెప్పాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని అడిగితే ప్రభువు రెండూ కాదన్నాడమ్మా. మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి, నమ్ముతున్నాను గానీ నా నమ్మకం చాలడం లేదు, నువ్వే సాయం చెయ్యి అని మొరపెట్టుకుంటే, ఆ సగం నమ్మకాన్ని ప్రభువు తోసెయ్యలేదు. విశ్వాసం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు, అది ఎవరిని పట్టుకుందన్న దాన్ని బట్టి మనం నిలబడతాం. ఆఖరున అడిగాను: "పాపకు బాప్తిస్మం ఇచ్చింది ఎవరు?" "మీరే గదయ్యా" అంది. "నీళ్లు పోసింది నేను. తన బిడ్డగా చేసుకున్నది దేవుడు. నువ్వు నమ్మిన నమ్మకం ఊగిపోయినా ఆయన చేసిన పని ఊగదు." ఆవిడ బ్యాగు పక్కన పెట్టి లేచి నాకు మంచినీళ్లు తెచ్చింది.

ఆ రోజు నేను కొత్తగా ఏమీ చెప్పలేదు. నాలుగో ఆర్టికల్ చెప్పాను, తొమ్మిదో ఆర్టికల్ చెప్పాను. ఆ తల్లికి ఆర్టికల్ అన్న మాటే తెలియదు, తెలియనక్కర్లేదు. విశ్వాసాన్ని మనిషి సంపాదించుకోవలసిన ఒక క్రియగా మార్చేస్తే, అది ధర్మశాస్త్రంలోకెల్లా కఠినమైన ధర్మశాస్త్రం అవుతుంది. దొంగతనం మానగలం, అబద్ధం మానగలం. లోపల ఒక్క అనుమానం లేకుండా ఉండడం ఎవడి వల్ల అవుతుంది? కాబట్టి బాబూ, నీ నోట ఎప్పుడూ "నీ విశ్వాసం చాల్లేదు" అన్న మాట రాకూడదు. విశ్వాసం సన్నగిల్లినవాడికి క్రీస్తును చూపించు. విశ్వాసం తనంతట తానే తలెత్తుతుంది.

వాక్యం చదివే పద్ధతి గురించి కూడా చెప్పాలి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచడం నీకు తెలిసిందే. పళ్లెంలోంచి పిల్లా పెద్దా ఒక్కో కార్డు తీసుకుని, అదే ఏడాదంతా తమ వాగ్దానం అని బైబిల్లో పెట్టుకుంటారు. ఆ కార్డుల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం తప్పకుండా ఉంటుంది. దేవుడు మనకు కీడు తలపెట్టడు, మేలే తలపెడతాడు అనే మాట. ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడికి అది వస్తే ఈ ఏడు పోస్టు ఖాయం అనుకుంటాడు. డిసెంబర్ వచ్చి పోస్టు రాకపోతే దేవుడే మాట తప్పాడనుకుంటాడు. తప్పు కుర్రాడిది కాదు, ముందూ వెనకా చదివి వినిపించని పాస్టరుది. ఆ ముందు వచనంలోనే బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే పోయేవాళ్లే. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అని రాశాడు యిర్మీయా. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని జనం చెవులకు ఇంపుగా చెప్పాడు. దేవుడు అతన్ని పంపలేదని తేలిపోయింది.

కార్డులు పంచడం మానెయ్యమని నేను అనను. జనవరి మొదటి ఆదివారం ఆ అధ్యాయం మొత్తం చదివి, రెండేళ్ల ప్రవక్తకూ 70 ఏళ్ల ప్రవక్తకూ తేడా ఏమిటో కళ్లకు కట్టేట్టు చెప్పు. ఊరు కాని ఊళ్లో, అనుకున్నది జరగని చోట కూడా దేవుడు తన జనాన్ని వదలడని, చివరికి క్రీస్తులో ఆ మేలు ఏమిటో చూపించాడని చెప్పు. ఆ కుర్రాడికి పోస్టు రాకపోయినా ఆ మాట మిగులుతుంది.

ఏ వాక్యభాగం చేతికి తీసుకున్నా ఎవరు ఎవరితో ఏ సందర్భంలో మాట్లాడుతున్నారో ముందు చూడు. అది ఆజ్ఞా, వాగ్దానమా తేల్చుకో. తేటగా ఉన్న భాగాల వెలుగులో మసకగా ఉన్నవాటిని చదువు. ఆ భాగం క్రీస్తు దగ్గరికి ఎలా తీసుకెళుతుందో కనిపెట్టేదాకా కలం కింద పెట్టకు. దావీదు గొల్యాతు కథ చెప్పేటప్పుడు, మీరే దావీదులు, మీ సమస్యలే గొల్యాతు, రాయి తీసి కొట్టండి అని చెప్పడం వాడుకైపోయింది. ఆ కథలో నలభై రోజులు శిబిరంలో వణుకుతూ కూర్చున్న సైన్యం ఒకటుంది. మనం వాళ్లం. మన తరఫున ఒక్కడు లోయలోకి దిగాడు, ఆయన గెలుపు మన గెలుపుగా లెక్కకు వచ్చింది. అలా చెబితే అప్పుల్లో మునిగిన మిరప రైతు కూడా తల ఎత్తుకుని ఇంటికి వెళతాడు. నువ్వే రాయి విసరమంటే, ఎన్నోసార్లు విసిరి అలసిపోయినవాడు ఇంకా కుంగిపోతాడు.

దానియేలు, ప్రకటన గ్రంథాల మీద చార్టులు వేలాడదీసి, ఏ యుద్ధం తరవాత ఏ ఏట అంతం వస్తుందో లెక్కలు చెప్పే సభలు మీ వైపు కూడా జరుగుతాయి. మనవాళ్లు వెళతారు. వాళ్లను కసురుకోకు. చనిపోయినవాళ్లు తిరిగి లేవకముందే లోకంలో భక్తుల రాజ్యం ఒకటి ఏర్పడుతుందనే ఊహలను ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ ఆర్టికల్‌లోనే తోసిపుచ్చింది. ప్రభువు వస్తాడు, చనిపోయినవాళ్లను లేపుతాడు, తీర్పు తీరుస్తాడు అని మాత్రం గట్టిగా చెప్పింది. నువ్వూ అదే చెప్పు. రాబోయే న్యాయాధిపతి మన కోసం సిలువ ఎక్కినవాడే అని చెప్పాక ఇక లెక్కలతో పనేముంది?

బాప్తిస్మం విషయంలో నీకు తొందరగానే పరీక్ష వస్తుంది. చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లను, అది చెల్లదని చెప్పి, కాలవలో మళ్లీ ముంచేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. మన పిల్లలు కొందరు వెళ్లి మునిగి వస్తారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని సంఘం పుస్తకంలో పేరు కొట్టేస్తే ఆ పిల్లలు పూర్తిగా చేజారిపోతారు. ఇంటికి వెళ్లి కూర్చో. అదివరకటి బాప్తిస్మంలో ఏం లోటనిపించిందో అడుగు. చాలామంది "అప్పుడు నాకు తెలియదు కదా" అంటారు. అక్కడినుంచే మొదలుపెట్టు. నీకు తెలియకముందే, నువ్వు ఏమీ చెయ్యలేని వయసులో దేవుడు నిన్ను తనవాడిగా చేసుకున్నాడంటే, కృప అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చూపించేది ఇంకేముంది అని చెప్పు. ఓపిగ్గా ఏడాది చెప్పినా పరవాలేదు.

ప్రభువు బల్ల గురించి కూడా ఒక మాట. 1529 అక్టోబరులో మార్బర్గ్‌లో, రొట్టె క్రీస్తు శరీరానికి గుర్తు మాత్రమే అనే ట్స్వింగ్లీతో చర్చకు కూర్చున్నప్పుడు, ప్రభువు ఆఖరి రాత్రి రొట్టె చేతపట్టి "ఇది నా శరీరం" అన్న మాటను లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసి పెట్టుకున్నాడు. అంత మొండితనం ఎందుకని చాలామంది ఇప్పటికీ అడుగుతారు. మంచాన పడి గుడికి రాలేని ముసలమ్మ ఇంటికి సంస్కారం తీసుకెళ్లినప్పుడు నీకు జవాబు దొరుకుతుంది. ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు. చదివిన వాక్యం కొంత జారిపోతుంది. నాలుక మీద పెట్టినది మాత్రం జారిపోదు. క్రీస్తే వచ్చి తనను తాను ఇచ్చుకుంటున్నాడన్న నమ్మకంతో ఇవ్వు, గుర్తు చేసుకోమని అడిగి రావద్దు. గుర్తు చేసుకునే శక్తి ఆవిడకు లేకపోయినా ఆయన వస్తాడు. గుళ్లో ఆ బల్ల దగ్గర ఏ పేటవాళ్లు ముందు, ఏ పేటవాళ్లు వెనక అన్న వరస ఎక్కడైనా కనిపిస్తే మొదటి నెలలోనే నోరు తెరువు. క్రీస్తు శరీరాన్ని పంచుకునే చోట కులం నిలబడితే మనం చదివిన సిద్ధాంతమంతా వృథా.

జనం నీ దగ్గరికి వచ్చి లోపలి మాటలు చెబుతారు. పాప ఒప్పుకోలును, ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే క్షమాపణను సంఘంలో నిలుపుకోవాలని 11వ ఆర్టికల్ చెబుతుంది. మన దగ్గర అది పుస్తకంలో ఉండిపోయింది. దాన్ని బయటికి తియ్యి. పల్లెలో మాట దాగదు. నీకు చెప్పినది టీ కొట్టు దాకా వచ్చిందంటే ఆ మనిషి జన్మలో మళ్లీ ఏ పాస్టరు ముందూ నోరు విప్పడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పకు. ఊరూ పేరూ మార్చి ప్రసంగంలో ఉదాహరణగా కూడా చెప్పకు. పేరు మార్చినా పల్లె గుర్తుపడుతుంది.

విటెన్‌బర్గ్‌లో పేటర్ అనే మంగలి లూథర్‌కు పాత స్నేహితుడు. ఎలా ప్రార్థన చెయ్యాలో చెప్పమని ఆయన అడిగితే లూథర్ ఆయన కోసమే 1535లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఏడాదే పేటర్ భోజనాల దగ్గర సొంత అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. అంత మంచి పుస్తకం చేతిలో పెట్టినా అంత ఘోరం జరిగింది. లూథర్ ఆయన్ని వదిలెయ్యలేదు. ఆయన తరఫున మాట్లాడాడు. మరణశిక్ష తప్పింది, ఊరు విడిచి వెళ్లాలని తీర్పు వచ్చింది. నువ్వు కష్టపడి నేర్పినవాళ్లే నీ కళ్లముందు పడిపోతారు. కన్ఫర్మేషన్ క్లాసులో అన్నీ ఒప్పజెప్పిన పిల్లవాడే జైలు గదిలో కనిపించవచ్చు. నా బోధ వృథా అయిందని నీ గురించి నువ్వు బాధపడుతూ కూర్చోకు. జైలుకు వెళ్లు. చేసినదాన్ని తేలిక చెయ్యకు, చేసినవాణ్ణి విడిచిపెట్టకు.

సంఘ ఆస్తుల తగాదాలు, ఎన్నికల్లో వర్గాలు, కోర్టు వ్యాజ్యాలు నిన్ను రెండువైపులా లాగుతాయి. సంఘానికి దేవుడు ఇచ్చిన అధికారం వాక్యం చెప్పడం, పాపాలు క్షమించడం, సంస్కారాలు ఇవ్వడం అని 28వ ఆర్టికల్ తేల్చి చెప్పింది. ఆ అధికారం ఎవరూ నీనుంచి లాక్కోలేరు, ఎన్నికల్లో ఎవరూ ఇవ్వలేరు. వర్గంలో చేరిన పాస్టరు మంచం పక్కన కూర్చుంటే రోగి, ఈయన మా వర్గమా కాదా అని చూస్తాడు. ఆ గతి తెచ్చుకోకు. లెక్కలు మాత్రం తేటగా రాసి సంఘ పెద్దల ముందు పెట్టు.

నీ సొంత ఆత్మ సంగతి కూడా చూసుకో. 1528లో సాక్సనీ సంఘాలు చూసివచ్చిన లూథర్, జనానికీ పాస్టర్లకూ మూలపాఠాలే రావని గుండె చెదిరి, మరుసటి ఏడాదే చిన్న కాటెకిజం రాశాడు. బోధకుడై, డాక్టరై కూడా తాను రోజూ దాన్ని పిల్లవాడిలా వల్లె వేస్తానని చెప్పుకున్నాడు. మన తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో ఆ కాటెకిజం ఒకటి. షుల్ట్జ్ అనే మిషనరీ తెలుగు చేస్తే 1746లో జర్మనీలోని హాలేలో అచ్చు వేశారు. మనవాళ్ల చేతికి ఎప్పుడో వచ్చిన ఆ పుస్తకాన్ని పిల్లల క్లాసుకే వదిలెయ్యకు. పొద్దున్నే లేచి పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన నీ కోసం చదువుకో. ప్రసంగం కోసం బైబిల్ తెరిచే ముందు, పాపిగా నీ కోసం తెరువు. నీ పాపం ఒప్పుకోవడానికి, నీకు క్షమాపణ చెప్పడానికి ఒక పాస్టరును వెతికి పెట్టుకో. ఎవరూ దొరకకపోతే నేనున్నాను. నీ భార్యను "అమ్మగారు" అని పిలిచి సంఘం సగం పని ఆవిడ నెత్తిన పెడుతుంది. ఆవిడకు కూడా ఓపిక అయిపోతుందని, ఏడుపు వస్తుందని గుర్తుపెట్టుకో.

కష్టంగా ఉన్నప్పుడు హేయర్ అయ్యగారిని తలుచుకో. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టి, పల్నాడు పల్లెల్లో తిరిగిన మనిషి. గోదావరి వైపు పని చేజారిపోయే పరిస్థితి వస్తే, డెబ్బై అయిదు దాటిన వయసులో, 1869లో మళ్లీ ఓడ ఎక్కి రాజమండ్రి వచ్చాడు. ఆయన మోసుకొచ్చిన సువార్తకూ నువ్వు మోసుకెళ్లేదానికీ తేడా లేదు.

వెళ్లిన మొదటి వారం ఇలా చెయ్యి. సన్మానాలకు ఒప్పుకోకు. సంఘం పుస్తకం తీసుకుని, మంచాన ఉన్నవాళ్ల పేర్లు, ఆ ఏడాది ఇంట్లో చావు జరిగినవాళ్ల పేర్లు, గుడికి రావడం మానేసినవాళ్ల పేర్లు విడివిడిగా రాసుకో. ఆ వరసలోనే ఇళ్లకు వెళ్లు. వాళ్ల మాట విన్నాకే మొదటి ప్రసంగం రాయి. అది పది నిమిషాలే అయినా పరవాలేదు. గుడి చివర గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూడా, నా పాపం క్రీస్తు మోశాడు, నేను ఆయనవాణ్ణి అనుకుంటూ ఇంటికి వెళ్లేట్టు చెప్పు. ప్రతి ఆదివారం అదే చెప్పు. కొత్తదేమైనా చెప్పమని ఎవరైనా అడిగితే, ఇంకోసారి అదే చెప్పు. నేనిక్కడ రోజూ నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తాను. దేవుడు నిన్నూ నీ సంఘాన్నీ దీవించుగాక.

ప్రేమతో,
పెదనాన్న